రూపకల్పన విద్యకు రెండు వాకిళ్లు
(గార్లదిన్నె వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

మన కులమునకు మూలపురుషుఁడైన శ్రీ మార్కండేయ మహర్షిని, భద్రావతీ సమేతుఁడైన శ్రీ భావనాఋషిని స్మరించి రెండు మాటలు విన్నవించెదము.

విద్యను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్య మంచిది, పిల్లలను చదివింపుఁడు అని చెప్పి కూర్చుండుట మాకు సులభమే. ముప్పదియైదేండ్లు పాఠశాలలో ఆ మాటయే చెప్పితిమి. కాని నేఁటి సాయంకాలము సర్వసభ్య సమావేశమున మన విద్యానిధి నియమావళి చర్చకు రానున్నది. అందొక నియమము కలదు. ఇంటర్మీడియెట్టు ముగించి పట్టపు చదువులో నేరుగ చేరినవారికే సహాయవేతన మీయఁబడును. డిప్లొమా చదువువారికిని, డిప్లొమా మీఁదుగ పట్టపు చదువులో నడుమ చేరువారికిని ఈయఁబడదు. ఆ నియమము వ్రాసిన చేయి మాదే. దానిని తీసివేయుఁడని యడుగుటకే నేఁడు లేచి నిలిచితిమి. తాను వ్రాసినదానిని తానే కొట్టివేయుమను వృద్ధుని మాట మీకు వింతగఁ దోఁచవచ్చును. కారణము వినిన పిమ్మట మీరే నిర్ణయింపుఁడు.

మన సీమ సంగతి మీకు మేము చెప్పవలసినది లేదు. ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేల యిది. పెనకచెర్ల కడ పెన్నపై కట్టిన మిడ్ పెన్నారు జలాశయము ఈ మండలముననే యున్నను, తుంగభద్ర ఎగువ కాలువ నీరు దానికి వచ్చుచున్నను, మెట్ట చేనివాఁడు నేఁటికిని ఆకాశమువైపే చూచును. వేరుసెనగ పండిన యేఁడు అప్పు తీఱును. ఎండిన యేఁడు అప్పు పెరుగును. ఇట్టి నేలమీఁద వానను నమ్ముకొనక బ్రదికిన వృత్తి మగ్గము. అందుచేతనే ధర్మవరపు పట్టుచీర ఈ కఱవుసీమకు పేరు తెచ్చినది. 2022లో జిల్లాలు విడిపోయి ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినను, మన బంధుత్వములు విడిపోలేదు. మన పడుగును పేకయు అచ్చటనే యున్నవి.

ఇప్పుడా మగ్గమునకు వచ్చిన చిక్కేమి? నేయు చేతికి కొఱఁత లేదు. నేసినవానికి చీరకింత యని కూలి ముట్టును. ఆ చీర వెలలో పెద్ద భాగము అంచుమీఁదను, కొంగుమీఁదను, బుటామీఁదను ఆధారపడి యుండును. ఆ నమూనాను గీచినవాఁడు మఱియొకఁడు. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు లియోన్ నగరమున జాకార్డు అనునతఁడు రంధ్రములు పొడిచిన అట్టలతో మగ్గమును నడపు యంత్రమును కల్పించెను. ఆ యంత్రము మన మగ్గములమీఁద కెక్కినప్పటినుండి నమూనా గీచువాని చేయియు నేయువాని చేయియు వేఱైనవి. గళ్ల కాగితముమీఁద గీచుట పోయి కంప్యూటరుమీఁద గీయు కాలము వచ్చినది. మన పిల్లలు నేయుచున్నారు; నమూనాను వెలకు కొని తెచ్చుకొనుచున్నారు. కొన్న నమూనాయును నాలుగు దినములు నిలుచునా యనిన, మరమగ్గమువాఁడు దానిని చూచి వ్రాసికొని సగము వెలకు అమ్ముచున్నాఁడు. 1985లో చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు చట్టము చేసిరి. చట్టము కలదు, నకలును కలదు. నకలు చేయువానికంటె ముందు నడువవలెనన్నచో క్రొత్త నమూనాను పుట్టింపఁగల బుద్ధి మన యింటిలోనే యుండవలెను.

ఆ బుద్ధికి శిక్షణమే రూపకల్పన విద్య. వాడుకలో డిజైను చదువు. ఇది బొమ్మలు గీచుట మాత్రమే యని కొందఱు తలఁచుచున్నారు. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు మన ప్రభుత్వము కోరఁగా ఒక నివేదిక వ్రాసిరి. అందు వారు ఉత్తమ రూపకల్పనకు నిదర్శనముగ చూపినది ఏ రాజభవనమును కాదు. మన యింటి చెంబు. ఎంత నీరు పట్టవలెను, చేతికెట్లు ఇమడవలెను, నడుమునకెట్లు ఆనవలెను, ఎట్లు వంపవలెను, ఎట్లు తోమవలెను అను నిన్ని ప్రశ్నలకును ఒక్క ఆకారములో సమాధాన మిచ్చినది చెంబు. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పనా సంస్థ, అనఁగా ఎన్.ఐ.డి., వెలసినది. మన ఆంధ్రప్రదేశపు ఎన్.ఐ.డి. 2015లో ప్రారంభమైనది. వస్త్రముల విషయమున 1986లో ఢిల్లీలో నిఫ్టు అను సంస్థ పుట్టి, 1995లో హైదరాబాదునకును వచ్చినది. 2020లో కడపలో వాస్తు లలితకళా విశ్వవిద్యాలయము ఏర్పడినది. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీఁది చిత్రములలో స్త్రీలు కట్టిన చీరల అంచులను చూచి నేర్చుకొన్న సీమవారికి ఈ చదువు పరాయిది కాదు. వాకిలి ఎటున్నదో తెలియకుండుటయే మన చిక్కు.

వాకిళ్లు రెండున్నవి. మొదటిది నేరు ప్రవేశము. పదవ తరగతి పిమ్మట రెండేండ్లు ఇంటర్మీడియెట్టు చదివి, ప్రవేశపరీక్ష వ్రాసి, నాలుగేండ్ల బి.డిజైను తరగతిలో మొదటి వత్సరమునుండి చేరుట. రెండవది డిప్లొమా మీఁదుగ పోవుట. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్కులోనో, వేంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర నున్న చేనేత సాంకేతిక సంస్థలోనో మూఁడేండ్లు చదివి, లాటరల్ ఎంట్రీ యని వాడుకలోనున్న నడిమి ప్రవేశముచేత పట్టపు చదువులో చేరుట. హైదరాబాదునను 2024లో ఇట్టి సంస్థయొకటి వెలసినది. దానికి మన కులమున జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీగారి పేరు పెట్టిరి.

రెండు దారులకును లెక్క వేయుదము. రెండును నాలుగును ఆఱు. డిప్లొమా మూఁడు, నడిమి ప్రవేశముచేత ఒక వత్సరము తగ్గఁగా మిగిలినవి మూఁడు; అదియు ఆఱే. కాగితముమీఁద రెండు దారులును సమానము. నియమము వ్రాసిననాఁడు మేమీ లెక్కయైనను వేయలేదు. నేరుగ పోవువాఁడు ఉత్తముఁడు, చుట్టు తిరిగి పోవువాఁడు అధముఁడు అని మాత్రమే తలఁచితిమి. ఆ తలఁపు ఎంత చెఱుపు చేసినదో చెప్పెదము.

పదునాలుగేండ్ల క్రిందట మా శిష్యుఁ డొకఁడుండెను. తండ్రి ధర్మవరమున ఒకరి మగ్గముమీఁద కూలికి నేయువాఁడు. తల్లి కండెలు చుట్టునది. పిల్లవాఁడు పాత క్యాలెండరు కాగితముల వెనుక అంచులు గీచెడివాఁడు. హంసయు మామిడిపిందెయు మేమెన్నియో చూచితిమి గాని, వాని చేతిలో అవి క్రొత్తగ నుండెడివి. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్కులో స్థానము దొరకినది. తండ్రి మా యింటికి వచ్చి, "అయ్యవారూ! మూఁడేండ్లకు చేతికొక పని చూపు చదువా, ఆఱేండ్లు కాచుకొను చదువా? మీరేది చెప్పిన నదియే" యని నిలుచుండెను. మేము క్షణమైనను ఆలోచింపలేదు. "ఇంత చేయిగలవానిని డిప్లొమాలో వేయుదురా? ఇంటర్మీడియెట్టు చదివింపుఁడు; పెద్ద సంస్థలో నేరుగ చేరును" అంటిమి.

పిల్లవాఁడు ఇంటర్మీడియెట్టు ముగించెను. ప్రవేశపరీక్ష వ్రాసెను. గీఁతకు మంచి మార్కులు వచ్చినవి; ఇంగ్లీషుభాషలో అడిగిన ప్రశ్నల కడ తప్పెను. మఱుసటి యేఁడు మరల వ్రాసెను, మరల తప్పెను. ఆ రెండేండ్లును ఇంటికి ఒక రూపాయి రాలేదు. కోచింగునకు చేసిన అప్పు మాత్రము వచ్చినది. ఇప్పుడతఁడు బెంగుళూరున ఒక వస్త్రదుకాణమున లెక్కలు వ్రాయుచున్నాఁడు. మంచివాఁడు. మమ్ము చూచిన లేచి నిలుచును. వాఁడు లేచి నిలిచినప్పుడెల్ల మాకు తల వంగును.

దీనినిబట్టి నేరు ప్రవేశము చెడ్డదని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో ఒక తప్పును మఱియొక తప్పుతో దిద్దినట్లగును. డిప్లొమా దారిలోని ముల్లును మేము చూచితిమి. మా యెఱుకలోని ఆఁడుబిడ్డ యొకతె, ఈ ప్రాంతపు పల్లెపిల్లయే, చక్కఁగా డిప్లొమా ముగించి నడిమి ప్రవేశమునకు పోయినది. స్థానము లేదనలేదు, కాని ఆమె పనులను చూచి, నూలు సంగతి తెలియును, నేఁత సంగతి తెలియును, వర్ణము, ఆకారము అను మొదటి వత్సరపు అభ్యాసములు చేయలేదు గనుక మొదటినుండి చేరుమనిరి. ఆఱేండ్లనుకొన్నది ఏడేండ్లయినది. ఆమె యేడ్చిన మాట నిజము. కాని ఆ యేఁడు ఆమె ఊరక కూర్చుండలేదు. డిప్లొమా చేతనుండుటవలన ధర్మవరమున జాకార్డు అట్టలకు నమూనాలు సిద్ధము చేయు చోట పనికి కుదిరి, కూలి తెచ్చి, మఱుసటి యేఁడు చేరి, చదువు ముగించినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుఁడు. రెండు దారులందును ఒక వత్సరము పోవు భయము దాగియున్నది. నేరు దారిలో ఆ వత్సరము ముందే పోవును: పరీక్ష తప్పి కాచుకొనుట. నడిమి దారిలో ఆ వత్సరము వెనుక పోవును: చదివినది చెల్లక మరల మొదలిడుట. పోవుట రెంటను కలదు. పోయిననాఁడు చేతిలో ఏమి మిగిలియున్నది, ఇంటిలో పొయ్యి ఎట్లు వెలుఁగును అనునదియే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇంటింటికిని సమాధానము వేఱు. అన్ని యిండ్లకును ఒక్క సమాధానమే యని నియమము వ్రాయుట మేము చేసిన తప్పు.

చదివినది ఏల చెల్లదు అని మీరడుగవచ్చును. దీనికి మన మహర్షియే సమాధాన మిచ్చియున్నాఁడు. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమున వజ్రుఁడను రాజు మార్కండేయుని ప్రతిమాలక్షణము చెప్పుమని యడుగును. చిత్రసూత్రము తెలియనివానికి అది తెలియదనును మహర్షి. అట్లయిన చిత్రసూత్రమే చెప్పుమన, నృత్తము ముందు తెలియవలెననును. నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము ముందు కావలెననును. రాజు గీతమునుండియే మొదలుపెట్టవలసి వచ్చెను. ఆ కథలో గీతము ఏ గురుకులమున నేర్వవలెనను నిర్బంధము లేదు. ముందు నేర్వవలెనను నిర్బంధము మాత్రము కలదు. రూపకల్పన విద్యయు నట్టిదే. గణితమునకును చరిత్రకును వచ్చిన మార్కులు ఒక కళాశాలనుండి మఱియొకదానికి కాగితముమీఁద పోవును. చేయి చేసిన అభ్యాసము కాగితముమీఁద పోదు. చేసిన పనులను చూపవలెను. ఒక వత్సరపు అభ్యాసశాలమీఁద తరువాతి వత్సరపు అభ్యాసశాల నిలుచును. పునాది లేని గోడను ఎవరును ఒప్పుకొనరు.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాదేశమున 1901లో ఇల్లినాయి రాష్ట్రపు జోలియెట్ పట్టణమున మొదలిడి కమ్యూనిటీ కళాశాలలు వ్యాపించినవి. అచ్చట రెండేండ్లు తక్కువ ఖర్చుతో చదివి, తక్కిన రెండేండ్లకు విశ్వవిద్యాలయమునకు మాఱుట చాలమంది చేయుదురు. అచ్చట స్థిరపడిన మన తెలుఁగు కుటుంబములవారును తమ పిల్లలకు ఇదియా అదియా యని తర్జనభర్జన పడుచున్నారు. ఆ దేశమునను రూపకల్పన విషయములో తక్కిన పాఠములు చెల్లినంత సులభముగ అభ్యాసశాలలు చెల్లవు. పోర్టుఫోలియో, అనఁగా చేసిన పనుల సంపుటము, చూచి ఏ వత్సరమున కూర్చుండఁబెట్టవలెనో నిర్ణయించు చోట్లు పెక్కు. కాలిఫోర్నియాలో ఏ కళాశాల పాఠము ఏ విశ్వవిద్యాలయమున చెల్లునో ముందుగనే ప్రకటించు పట్టికలున్నవి. అక్కడి వివేకవంతుఁడు మొదటి దినముననే ఆ పట్టిక చూచికొని చేరును. మన దేశమునను 1995లో పుదుచ్చేరిలో కమ్యూనిటీ కళాశాల మొదలైనది. 2021లో క్రెడిట్లను దాచుకొను జాతీయ నిధికి నియమములు చేసిరి. కాని నిధిలో క్రెడిట్టున్నంత మాత్రమున తరగతిలో స్థానమున్నట్లు కాదు. బ్యాంకులో రూకలున్నను సంతలో సరకు దొరకవలెను గదా!

ఇఁక ఎవరికి ఏది తగునో మాకు తోఁచినంత చెప్పెదము.

నేరు ప్రవేశము ఎవరికి తగును? పిల్లవానికి గీఁతయు, ఆలోచనయు, ఇంగ్లీషులో ప్రశ్నను చదివి గ్రహించు శక్తియు మూఁడును కలవారికి; ఒకవేళ మొదటి యేఁడు తప్పినను బి.ఎస్.సి. యో బి.ఎఫ్.ఏ. యో వేఱొక చదువులో చేరుటకు సిద్ధపడినవారికి. నాలుగేండ్ల వ్యయమును ఓర్వఁగల ఇంటికి. పెద్ద సంస్థలలో ఆ వ్యయము లక్షలలో నుండును. ఎన్.ఐ.డి. లో మొదటి వత్సరము పునాది తరగతియే. ఆ పునాదియే వారి విద్యకు ప్రాణము గనుక అచ్చట చేరఁగోరువాఁడు మొదటినుండి చేరుటయే మేలు. ఇంకొక మాట. పదునైదేండ్ల పిల్లవానికి మనసు మాఱుట సహజము. ఇంటర్మీడియెట్టు అన్ని వాకిళ్లను తెఱచియుంచును; డిప్లొమా కొన్నిటిని మూయును. ఏమి కావలెనో ఇంకను తేలనివానిని తొందరపడి డిప్లొమాలో వేయుట ధర్మము కాదు.

నేరు దారి పట్టువారికి రెండు సూచనలు. జాతీయ సంస్థలలో వెనుకఁబడిన తరగతుల స్థానము కోరువారికి రాష్ట్రపు బి.సి. పత్రము చాలదు, కేంద్రమునకు చెల్లు ఓ.బి.సి. నాన్ క్రీమీలేయరు పత్రమును ముందే తీసికొనవలెను. చేతివృత్తులవారికిని వారి సంతానమునకును నిఫ్టువారు ప్రత్యేక ప్రవేశమును నడపుచు వచ్చిరి. దానికి వృత్తిదారు గుర్తింపు కార్డు కావలెను. మగ్గముమీఁద బ్రదుకుచు ఆ కార్డు తీసికొననివారు మనలో ఎందఱో కలరు. ప్రతి వత్సరపు ప్రకటనను చూచి, గడువునకు ముందే పత్రములు సిద్ధపఱచుకొనుఁడు.

డిప్లొమా దారి ఎవరికి తగును? వృత్తిమీఁద మనసు స్థిరపడినవానికి. పుస్తకముకంటె చేయి ముందు నడచువానికి. మూఁడేండ్ల పిమ్మట ఇంటికి ఆసరా కావలసియున్న కుటుంబమునకు. వివాహమున స్థూలారుంధతీ న్యాయమున ముందు పెద్ద నక్షత్రమును చూపి పిమ్మట సూక్ష్మమైన అరుంధతిని చూపుదురు. పెద్దదానిని చూచుట తప్పు కాదు. అచ్చటనే కన్ను నిలుపుట తప్పు. డిప్లొమాను అట్టి మొదటి నక్షత్రముగ చూడవలెను.

కాని ఈ దారిలో ఒక మోసమున్నది. ప్రవేశపరీక్షకు భయపడి ఈ దారి పట్టువాఁడు ఘట్టకుటీ ప్రభాత న్యాయమున చిక్కుకొనును. సుంకము తప్పించుకొనఁగోరి రాత్రియంతయు అడ్డదారిని నడచిన బండివాఁడు తెల్లవాఱునప్పటికి సుంకపు పాకముందే నిలిచెనఁట! నడిమి ప్రవేశమునకును పరీక్ష కలదు. ఇంజనీరింగునకు ఈసెట్టు, నిఫ్టులో చేరఁగోరువారికి వేఱు పరీక్ష. పరీక్షను తప్పించుకొనుటకు గాక, పరీక్షకు చేతిని సిద్ధము చేసికొనుటకే ఈ దారి పట్టవలెను.

డిప్లొమాలో చేరక మునుపే తండ్రి అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. మొదటిది: ఈ డిప్లొమా పిమ్మట నడిమి ప్రవేశము ఏ పట్టమునకు? ఈసెట్టు వ్రాసినవాఁడు బి.టెక్కు రెండవ వత్సరమున చేరును, అది బి.డిజైను కాదు. వస్త్రయంత్రముల విద్య వేఱు, వస్త్రరూపముల విద్య వేఱు. రెండవది: స్థానములెన్ని, అవి ప్రత్యేకముగ నున్నవా, ఖాళీ పడిననే దొరకునా? మూఁడవది: డిప్లొమాలో చేసిన ఏ పాఠములు చెల్లును, ఏ అభ్యాసశాలలు మరల చేయవలెను? దీనికి నోటిమాట చాలదు, వ్రాసియిమ్మని అడుగవలెను. నాలుగవది: ఆ డిప్లొమాకును ఆ పట్టమునకును ప్రభుత్వపు గుర్తింపు కలదా? రంగుల కరపత్రమును చూచి మోసపోయినవారిని మేమెఱుఁగుదుము. ఈ నాల్గింటికిని సమాధానము దొరకినచో నిశ్చింతగ చేర్పింపుఁడు. దొరకనిచో ఆఱేండ్లను ఏడేండ్లుగ లెక్కించుకొని చేర్పింపుఁడు. అప్పుడు ఏడవ యేఁడు వచ్చినను ఇల్లు కూలదు.

ఏ దారి పట్టినను చేసిన ప్రతి పనిని దాచుకొనవలెను. మన పిల్లలు గీచినది గీచినట్లు పాఱవేయుదురు. మగ్గముమీఁద నేసిన నమూనా ముక్క, తప్పిన గీఁత, ఆ తప్పును దిద్దిన రెండవ గీఁత, అన్నిటికిని తేది వేసి ఉంచవలెను. బుద్ధి ఎట్లు నడచినదో చూపునది ఆ సంపుటమే. ధనికుల పిల్లలు వేలు పోసి కోచింగులో సిద్ధము చేయించుకొను సంపుటము నేఁతగాని బిడ్డకు ఇంటిలోనే యున్నది. దానిని ఏఱి కుట్టుకొనవలెను, అంతియే.

డిప్లొమా యనఁగా చులకన యను తలఁపును గూర్చి ఒక్క మాట. పెండ్లి సంబంధముల కడ "అబ్బాయి డిప్లొమాయే గదా" యను మాట మన యిండ్లలో మేము చెవులార వింటిమి. మన జిల్లాకు కీర్తి తెచ్చిన అనంతపురపు ఇంజనీరింగు కళాశాల సంగతి వినుఁడు. అది 1946లో మదరాసు గిండీలో ప్రారంభమై, 1948లో అనంతపురమునకు వచ్చినది, 2008లో విశ్వవిద్యాలయమైనది. మొదలైన చోటు వేఱు, నిలిచిన చోటు వేఱు. దానివలన దాని గౌరవము తగ్గినదని ఎవరైన ననిరా? కళాశాలకు లేని తక్కువతనము విద్యార్థి కెక్కడిది?

ఇఁక నిధి చాలదను ఆక్షేపణ యొకటి కలదు. కోశాధికారిగారి చింత న్యాయమైనదే. డిప్లొమావారిని చేర్చినచో అడుగువారు పెరుగుదురు. కాని ఎవరికి ముందియ్యవలె నను ప్రశ్నకు దారినిబట్టి గాక అవసరమునుబట్టి సమాధానము చెప్పుదము. నేరుగ చేరిన కలవారి బిడ్డకంటె డిప్లొమా చదువు కూలివాని బిడ్డకు ఆ సొమ్ము అధికముగ ఉపకరించును. ఇప్పటి నియమము దీనికి విపరీతముగ నున్నది.

కావున మేము సభకు చేయు విన్నపములు మూఁడు. విద్యానిధి సహాయము నేరు ప్రవేశమువారికిని డిప్లొమావారికిని సమానముగ నుండవలెను; కుటుంబపు ఆదాయమే కొలఁత కావలెను. పరీక్ష తప్పి కాచుకొనువానికిని, చదివినది చెల్లక మొదటినుండి చేరువానికిని, ఆ పోవు ఒక్క వత్సరమునకు నిధినుండి చేయూత యుండవలెను. బీదయింటి బిడ్డ చదువు మానునది ఆ వత్సరముననే. వేసవి సెలవులలో పదవ తరగతి పిల్లలకు చిత్రలేఖనమును, ఇంగ్లీషు ప్రశ్నలను చదువు విధమును నేర్పు తరగతి యొకటి నడపవలెను. మూఁడవదానికి ధనము అంతగా నక్కఱలేదు. నీడయు, గళ్ల కాగితమును, నేర్పువారును చాలును. నేర్పుటకు మేమున్నాము. బొమ్మ గీయుట మాకు రాదు; ప్రశ్నను చదువుట మాత్రము నేర్పఁగలము. బెంగుళూరునకు మొన్న ఉత్తరము వ్రాసితిమి. గీఁత నేర్పుటకు వేసవిలో పది దినములు వచ్చెదనని ఆ శిష్యుఁడు మాటయిచ్చినాఁడు. వాని చేతికి మేము చేసిన అపకారమును వాఁడు ఈ విధముగ మన పిల్లలకు ఉపకారముగ మార్చుచున్నాఁడు.

మహాజనులారా! మగ్గమున పడుగు నిలువుగ పోవును, పేక అడ్డముగ పోవును. తిన్నగ పోవునది పడుగే గనుక అదియే గొప్పదని నేఁతగాఁ డెవఁడును అనఁడు. రెండును కలిసిననే వస్త్రము. మన పిల్లలలో కొందఱు నిలువుగ పోవుదురు, కొందఱు అడ్డముగ వచ్చి కలియుదురు. ఇరువురికిని చోటిచ్చు నియమమును ఈ సాయంకాలము మీరు నేయవలెనని వేఁడుచున్నాము. మేము వ్రాసిన నియమమును మా కన్నుల యెదుటనే కొట్టివేయుఁడు. అంతకంటె మాకు సన్మానము వేఱొండు లేదు.

శ్రీ మార్కండేయ మహర్షి యనుగ్రహమున మన బిడ్డలకు విద్యయు, మన మగ్గములకు వెలుఁగును, మన సీమకు సువృష్టియు కలుగుఁగాక!